రంగంలో రెండో తెర

ఒక కంప్యూటరుకి రెండు మానిటర్లు ఎందుకయ్యా అని అడిగితే మా సాఫ్ట్‌వేర్ జనం టక్కున ఒక జవాబు చెప్తారు. ఒకదాన్లో కోడు, ఇంకోదాన్లో దాని ఫలితం. షేర్లు ఆడేవాళ్ళనడిగితే గ్రాఫులంటారు. సినిమా ఎడిటింగ్ వాళ్ళనడిగితే రీళ్ళంటారు. అన్నీ నిజమే. కానీ ఈ రెండో తెర చరిత్ర కొంచెం తవ్వితే అందులో మనలాంటి లిపులకి, అంటే పైన గుళ్ళూ కింద ఒత్తులూ వేలాడేసుకుని తిరిగే లిపులకి, చాలా పెద్ద వాటా కనిపిస్తుంది. ప్రస్తుతం నేనుంటున్న ఊళ్ళో, ఒక డొక్కు డెస్క్‌టాప్‌కి రెండు తెరలు తగిలించి చేస్తున్న ఒక పని వల్ల ఆ చరిత్రంతా తిరగేయాల్సి వచ్చింది. అదే మీకు చెబుదామని.

ఊరి పేరు యాంగోన్. పాత పేరు రంగూన్. మా కాకినాడ వైపు పెద్దవాళ్ళకైతే అది ఉట్టి 'రంగం'. "మా తాత రంగం వెళ్ళి సంపాదించాడు", "మా పెదతాత రంగంలోనే పోయాడు" అనే మాటలు విననివాళ్ళు మా జిల్లాల్లో అరుదు. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల నుంచి పడవలెక్కి వచ్చి, ఇక్కడి ఓడరేవులో బస్తాలు మోసినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు వేలల్లో ఉన్నారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదే బర్మావాళ్ళు తెలుగువాళ్ళని 'కోరింగీ'లు అన్నారు. 1931 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల మంది ఉన్న రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మా కూలీల్ని పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక వాళ్ళని పొమ్మన్నారు. దాంతో ఊరు అట్టుడికిపోయి మనవాళ్ళు ఎందరో చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడటంతో మొదలై 1942లో అడవుల వెంబడి నడక. ఆ తర్వాత 1960ల్లో దుకాణాలూ వ్యాపారాలూ ప్రభుత్వపరం అయ్యాక మరో పెద్ద వలస. ఇంత జరిగినా మిగిలిపోయినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ మనవలకి తెలుగు కొద్దిగా వచ్చు, బర్మీ బాగా వచ్చు.

ఇంతకీ నా పని వీళ్ళతోనే. ఇక్కడి ఒక చిన్న తెలుగు సంఘం వాళ్ళ దగ్గర పాత పుస్తకాలున్నాయి. పెళ్ళిళ్ళు, పుట్టుకలు, చావులు, చందాలు. వాటిని పదిహేనేళ్ళ కిందట ఎవరో ఓపికగా బర్మీలో టైపు చేసి పెట్టారు. ఇప్పుడు ఆ ఫైళ్ళు కొత్త ఫోన్లలో తెరిస్తే చెత్త కనిపిస్తోంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి, 1981 దాకా వెళ్ళాలి.

1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీని విడుదల చేసినప్పుడు దాంట్లో పెట్టుకోడానికి రెండు రకాల తెర కార్డులిచ్చింది. ఒకటి ఎండీఏ. పచ్చ అక్షరాలు, చక్కగా చదువుకోవచ్చు, కానీ బొమ్మ గీయడం రాదు. రెండోది సీజీఏ. రంగులున్నాయి, బొమ్మలొస్తాయి, కానీ అక్షరాలు గళ్ళ నోటుబుక్కులో గీసినట్టు గరుగ్గా ఉంటాయి. ఎండీఏలో ఒక్కో అక్షరానికి అడ్డం 9, నిలువు 14 చుక్కల గది. సీజీఏలో అదే 8కి 8. ఇంగ్లీషు 'ఏ' రాయడానికి 8 చుక్కలు చాలు. అదే గదిలో 'స్త్రీ' రాసి చూడండి! గుడి దగ్గరే చుక్కలు అయిపోతాయి.

అయితే ఐబీఎం ఇంజనీర్లు ఒక మంచిపని చేశారు. ఈ రెండు కార్డులూ మెమరీలో వేర్వేరు చిరునామాల్లో కాపురం పెట్టాయి. అందుకని ఒకే పెట్టెలో రెండూ గుచ్చి, రెండు మానిటర్లూ తగిలించుకోవచ్చు. డాస్‌లో 'మోడ్ మోనో' అంటే ఒక తెర, 'మోడ్ సీఓ80' అంటే ఇంకో తెర. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 దీన్ని వాడుకుని పచ్చ తెర మీద అంకెలు, రంగు తెర మీద గ్రాఫు చూపించేది. అంటే రెండు మానిటర్ల సంసారం పీసీతో పాటే పుట్టింది. మధ్యలో చాలా ఏళ్ళు ఆఫీసులు దాన్ని మర్చిపోయాయి, అంతే.

ఇక్కడ మన పొరుగాయన ఒకడు వస్తాడు. వాన్ సువన్నుకుల్ అని థాయ్‌లాండ్ మనిషి, అమెరికాలో చదువుకుంటున్నాడు. తన పరిశోధనా వ్యాసం థాయి లిపిలో రాసుకోవాలని కోరిక. థాయి అక్షరానికి పైన అచ్చు గుర్తు, ఆ పైన స్వరం గుర్తు, కింద మరోటి ఉంటాయి. ఎండీఏలో అక్షరాలు ముందే అచ్చు పోసినట్టు ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. సీజీఏలో అంత చోటు లేదు. దాంతో ఎండీఏ తెర మీదే 720కి 348 చుక్కల్లో ఏ చుక్కనైనా వెలిగించగల కార్డొకటి తనే తయారుచేశాడు. 1982లో మొదలైన ఆ కంపెనీ పేరు హెర్క్యులిస్. థాయి అక్షరాల కోసం పుట్టిన ఆ కార్డు ప్రపంచమంతా లెక్కల పద్దులకీ, డిజైన్లకీ వాడుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ప్రోగ్రామర్లకి అదే రెండో తెర. రంగు మానిటరు మీద ప్రోగ్రాము నడుస్తుంటే, హెర్క్యులిస్ మీద డీబగ్గరు నడిచేది. నాలాంటి వాళ్ళం గొప్పగా చెప్పుకునే రెండు మానిటర్ల అలవాటుకి ఒక ముత్తాత థాయి లిపి అన్నమాట.

మన దగ్గరా అదే కథ. 1980ల్లో ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, పుణెలో సీడాక్ చేతుల్లో పెరిగిన జిస్ట్ కార్డు కూడా పీసీలో గుచ్చుకునే ఒక అట్టముక్కే. అది ఉంటే డాస్‌లో తెలుగు వచ్చేది. లిపికి చోటు కావాలంటే ఇంకో కార్డు కొనుక్కోవాల్సిన రోజులవి.

తర్వాత కథ గబగబా చెప్పేస్తాను. 1987లో మెకింటాష్ టూ వచ్చింది. దాన్లో రెండు కార్డులు పెడితే రెండు తెరలూ కలిసి ఒకే బల్లలా పరుచుకుని, మౌసు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నడిచిపోయేది. అదే ఏడాది ఐబీఎం వీజీఏ తెచ్చింది. ఇప్పటికీ పాత మానిటర్ల వెనక కనిపించే 15 పిన్నుల నీలం సాకెట్టు దాని సంతానమే. విండోస్‌లో ఈ సౌకర్యం సొంతంగా వచ్చింది 98తో, తొమ్మిది తెరల దాకా. 1999లో మాట్రాక్స్ జీ400 ఒకే కార్డు మీద రెండు సాకెట్లు ఇచ్చింది. 2000లో లినక్సు వాళ్ళకి జినెరమా వచ్చింది. ఇక అక్కణ్ణుంచి రెండో మానిటరు అంటే ఒక కేబులూ, కాస్త బల్ల ఖాళీ.

మరి బర్మాలో? ఇక్కడ కంప్యూటరు మన అనుకున్న దానికన్నా ముందే వచ్చింది. 1971లో ఐక్యరాజ్యసమితి సాయంతో రంగూన్‌లో యూనివర్సిటీస్ కంప్యూటర్ సెంటర్ పెట్టి, ఐసీఎల్ 1902ఎస్ అనే పెద్ద యంత్రాన్ని దింపారు. చాలామంది ఆంధ్రా కాలేజీల్లో అప్పటికి కంప్యూటరు మొహం చూసినవాళ్ళు లేరు. అంత ముందు బయల్దేరిన దేశం ఆ తర్వాత వెనకబడింది. 1996 సెప్టెంబరులో సైనిక ప్రభుత్వం కంప్యూటర్ చట్టం తెచ్చింది. మంత్రిత్వశాఖ ప్రకటించిన రకం కంప్యూటరుని అనుమతి లేకుండా దిగుమతి చేసుకున్నా, దగ్గర ఉంచుకున్నా, వాడినా 7 నుంచి 15 ఏళ్ళ జైలు అని అందులో రాసుకున్నారు. అదే ఏడాది, అనుమతి లేని ఫ్యాక్సు మెషీన్లూ టెలిఫోన్లూ పెట్టుకున్నాడని లియో నికల్స్ అనే ఆయనకి మూడేళ్ళు శిక్ష వేశారు. కొన్ని యూరపు దేశాలకి గౌరవ కాన్సుల్‌గా పనిచేసిన పెద్దమనిషాయన. జూన్‌లో నిర్బంధంలోనే పోయాడు. మనకి అటు ఎస్టీడీ బూతులూ, ఇటు వీధికో కంప్యూటరు ఇన్‌స్టిట్యూటూ వస్తున్న కాలమది.

ఈ వెనకబాటు లిపి మీద కూడా పడింది. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచీ ఉంది. బర్మీ 1999లో చేరింది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చింది. సెట్టింగుల్లో ఒక టిక్కు పెట్టి, సీడీ అడిగితే పెట్టి, తెలుగు చూసుకుని మురిసిపోయినవాళ్ళు ఇది చదివేవాళ్ళలో చాలామందే ఉంటారు. బర్మీకి విండోస్‌లో అలాంటి సొంత ఫాంటు రావడానికి 2012లో విండోస్ 8 దాకా ఆగాల్సొచ్చింది. మధ్యలో జనం ఊరుకోరు కదా. విండోస్ సాయం అక్కర్లేకుండా నడిచే 'జోజీ' అనే ఫాంటు పుట్టి ఊరంతా పాకింది. జోజీ అంటే బర్మా కథల్లో మంత్రాల సన్యాసి. ఆ మాటకి మూలం మన 'యోగి'యే.

ఈ యోగి చేసిన మాయ ఏమిటంటే, యూనికోడ్‌లో బర్మీకి ఇచ్చిన గళ్ళనే వాడుకుని వాటిలో తన ఇష్టం వచ్చిన ముక్కలు పెట్టాడు. మోన్, షాన్, కరెన్ లాంటి చిన్న భాషలకి కేటాయించిన గళ్ళు కూడా బర్మీ ముక్కలకే ఇచ్చేశాడు. ఉదాహరణకి 1039 అనే సంఖ్య తీసుకోండి. యూనికోడ్‌లో అది కంటికి కనపడదు. 'తర్వాతి అక్షరాన్ని కిందకి ఒత్తుగా దించు' అని చెప్పే గుర్తు. జోజీలో అదే సంఖ్య అక్షరం నెత్తి మీద కొక్కెంలా కనపడే పొల్లు. మన భాషలో చెప్పాలంటే ఒకడు పొల్లు అని రాసింది ఇంకొకడు ఒత్తు అని చదువుతున్నాడు! ఇంకోటి. హిందీలో హ్రస్వ 'ఇ' గుర్తులా బర్మీలో 'ఎ' గుర్తు హల్లుకి ఎడమ పక్కన కూర్చుంటుంది. యూనికోడ్‌లో దాన్ని పలికే వరసలో హల్లు తర్వాత దాస్తారు. జోజీలో కంటికి కనిపించే వరసలో ముందే దాస్తారు. వెతకడం, అకారాది వరస, అన్నీ గంగలో కలిశాయి.

2014లో కొత్త ఫోన్ కంపెనీలు వచ్చి, అంతకుముందు సామాన్యుడికి అందని సిమ్ము కార్డు 1500 చాట్‌లకి అమ్మడం మొదలుపెట్టాయి. దేశం దేశమంతా డెస్క్‌టాప్ అనే మెట్టు దాటేసి ఒక్క గెంతులో ఫోన్ల మీదకి వచ్చిపడింది, జోజీతో సహా. చివరికి 2019 అక్టోబరు 1ని 'యూ డే' అని పెట్టుకుని, ప్రభుత్వమూ కంపెనీలూ కలిసి యూనికోడ్‌కి మారాయి. మారింది రేపటి రాత. నిన్నటి రాత ఎక్కడిదక్కడే ఉండిపోయింది. మా సంఘం పుస్తకాలు అందులోవే.

మార్చే సాఫ్ట్‌వేర్లు లేవా అంటే ఉన్నాయి, మంచివే ఉన్నాయి. ఇచ్చిన పాఠం జోజీయా యూనికోడా అని అక్షరాల పొందికని బట్టి అంచనా కట్టి చెప్పే ఉచిత కోడు గూగుల్ వాళ్ళదే ఉంది. పేరా మొత్తం ఇస్తే బ్రహ్మాండంగా చెబుతుంది. చిక్కల్లా చిన్న ముక్కలతోనే. రెండు మూడు అక్షరాలిస్తే అంచనాకి ఆధారం ఏముంటుంది? మా పుస్తకాల్లో ఉన్నవన్నీ చిన్న ముక్కలే, అంటే పేర్లు. పైగా కొన్ని పేజీలు ఒకరు, కొన్ని ఒకరు టైపు చేశారు. ఒకే పట్టికలో కొన్ని వరసలు జోజీ, కొన్ని యూనికోడు. అందులోనూ మన పేర్లు. బర్మీలో కింద ఒత్తులు వచ్చేది ఎక్కువగా పాళీ, సంస్కృతాల నుంచి వచ్చిన మాటల్లో. మాండలే ఊరి పేరులో 'న' కింద 'త' ఉంటుంది. మన అప్పన్నల్నీ వెంకన్నల్నీ ఒక గుమాస్తా ఒత్తు పెట్టి రాస్తే, ఇంకొక గుమాస్తా పొల్లు పెట్టి విడదీసి రాశాడు. సరిగ్గా 1039 కాలుజారే చోటు అది.

"పేరులో ఒక పొల్లు అటూ ఇటూ అయితే ఏమైందిలే" అనుకోవచ్చు. ఇక్కడ అవుతుంది. బర్మావాళ్ళకి ఇంటిపేర్లుండవు. మనిషిని గుర్తుపట్టేది తన పేరూ తండ్రి పేరూ కలిపి. 1982 పౌరసత్వ చట్టం ప్రకారం, 1823కి ముందు నుంచీ ఇక్కడున్న జాతులుగా గుర్తించినవాళ్ళు పూర్తి పౌరులు. మనలా తర్వాత వచ్చినవాళ్ళ పిల్లలకి వేరే తరగతులు. స్వీకృత పౌరుడు కావాలంటే 1948 జనవరి 4కి ముందే కుటుంబం ఇక్కడ ఉందని చూపించుకోవాలి. కార్డు రంగు కూడా వేరు. తాత పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంటే కౌంటరు అవతల కూర్చున్నవాడికి అది ఇద్దరు మనుషులు. సంఘం పుస్తకం ప్రభుత్వ రికార్డు కాకపోవచ్చు. కానీ ఏ కాగితం ఎక్కడ వెతకాలో, తాత పేరు ఆ రోజుల్లో ఏ అక్షరాలతో రాశారో తెలిసేది అక్కడే.

అందుకని రెండు తెరలు. ఎడమ తెర మీద పాత ఫైలు జోజీ ఫాంటులో, టైపు చేసినవాడు ఆనాడు చూసింది చూసినట్టు. కుడి తెర మీద మార్చిన ఫైలు యూనికోడ్ ఫాంటులో. లోపల సంఖ్యలు వేరు, కానీ కంటికి రెండూ ఒకేలా కనపడాలి. కనపడితే సరే, లేకపోతే కాగితం పుస్తకం తీసి చూడాలి. ఒకే తెర మీద అటొకటి ఇటొకటి పెట్టొచ్చు గానీ, తండ్రి పేరూ ఊరూ తేదీ ఉన్న వెడల్పాటి పట్టికలు సగానికి కుదిస్తే ఒత్తులు కనపడవు. అంటే వాన్ సువన్నుకుల్‌కి 1982లో వచ్చిన సమస్యే. అక్షరానికి చోటు కావాలి.

సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. పుట్టింది ఇక్కడే, తెలుగు మాత్రం వాళ్ళ నాన్న తెచ్చిన శ్రీకాకుళం తెలుగు. మొదటిరోజు చూసి, "ఏటి బాబూ, రెండు టీవీలెట్టినావు?" అన్నారు.

"ఒకటి పాత రాత తాతా, ఒకటి కొత్త రాత. రెండూ ఒకేలా ఉన్నాయో లేదో చూడాలి."

"అయితే నాను సూస్తాన్లే. నువ్వు మీటలు నొక్కు."

ఇప్పుడు ఆయన చదువుతారు, నేను నొక్కుతాను. కొన్ని పేర్లకి ఆయన దగ్గర కాగితంలో లేని సమాచారం కూడా ఉంటుంది, ఫలానావాడు ఎవరి అల్లుడో, ఏ మిల్లులో చేసేవాడో. అది వేరే వరసలో రాస్తున్నాను. రోజుకి నలభై పేర్లు అయితే గొప్ప.

సరే, యంత్రం సంగతి. డాలర్ల కొరతా దిగుమతి లైసెన్సుల చిక్కులూ వచ్చాక ఇక్కడ కొత్త సామాను ముట్టుకునేలా లేదు. సంఘం దగ్గరున్నది 2011 నాటి పెట్టె, వెనక ఒకే ఒక్క వీజీఏ సాకెట్టు. పాత సామాన్ల కొట్లో ఒక గ్రాఫిక్స్ కార్డు దొరికింది. ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళ కోసం మూడు ముక్కలు.

ఒకటి, కార్డు గుచ్చగానే చాలా పాత పెట్టెల్లో బోర్డు మీది సాకెట్టు నిద్రపోతుంది. పాడైందనుకోకండి. బయాస్‌లోకి వెళ్ళి మల్టీ మానిటర్ అనే వరస వెతికి ఆన్ చేయాలి. అది లేకపోతే రెండు తెరలూ కార్డుకే తగిలించాలి.

రెండు, కార్డుకున్న డీవీఐ సాకెట్టు చూసి కొనండి. బల్లపరుపు పిన్ను చుట్టూ నాలుగు చిన్న కన్నాలుంటే రూపాయల్లో పోయే చిన్న అడాప్టరుతో వీజీఏ మానిటరు తగిలించొచ్చు. అవి లేకపోతే ఆ అడాప్టరు అసలు దూరదు.

మూడోది రంగూన్ పాఠం. ఇక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో చెప్పలేం. 2021లో సైన్యం మళ్ళీ అధికారం తీసుకున్నాక మరీ కష్టమైంది. వచ్చిందంటే వీధంతా "మీ లా బీ!" అని అరుస్తారు, దీపం వచ్చిందోయ్ అని. మా చిన్న యూపీఎస్ పెట్టెనీ ఒక్క మానిటర్నీ మాత్రమే మోయగలదు. వీజీఏతో తగిలించిన రెండో తెర ఆరిపోయినా కంప్యూటరుకి చాలాసార్లు ఆ సంగతి తెలియదు. సేవ్ చేయాల్సిన ఫైలు ఆరిపోయిన తెర మీదే ఉండిపోతుంది. అందుకని మార్పులు చేసే ఫైలు ఎప్పుడూ యూపీఎస్ ఉన్న తెర మీద, కేవలం చూసే ఫైలు రెండోదాని మీద. అయినా ఇరుక్కుంటే విండోస్ మీటా షిఫ్టూ కలిపి బాణం నొక్కండి, కిటికీ ఇవతలి తెరకి వచ్చేస్తుంది.

ఇదంతా బర్మా గోల, మనకెందుకు అనుకోకండి. మన ఊళ్ళలో 1990ల నుంచీ డీటీపీ చేసిన తెలుగంతా అను, శ్రీలిపి లాంటి ఫాంట్లలోనే ఉంది. వంశవృక్షాలు, గుడి శాసనాల ప్రతులు, తాతగారు అచ్చేయించుకున్న పద్యాల పుస్తకం, ఊరి సావనీర్లు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల పోగు తప్ప ఇంకేం కనపడదు. పోయినసారి ఇంటికి వెళ్ళినప్పుడు అటక మీద అలాంటి సీడీ ఏదైనా చూసి ఉంటే, దాన్ని టైపు చేసిన మనిషో, చదివి ఇది తప్పు అని చెప్పగల పెద్దవాళ్ళో ఇంకా ఉండగానే దించండి. పాత ఫైలు పారేయకండి, ఫాంటుతో సహా పక్కన దాచండి. పాత మానిటరు ఒకటి ఎటూ మూలన పడే ఉంటుంది.